డోయినా పళ్ల తొడుగు

పాడువా దగ్గర, ఇటలీ
అక్టోబరు 14

నా డోయినాకి,

అమ్మ రాస్తున్నాను. మళ్లీ పనిలోకి వచ్చి చేరాను. వ్యానులో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని కాళ్లు వాచాయి, అంతకు మించి నాకేం కాలేదు. ఫోన్ చెయ్యలేదని ఏమనుకోకు. నా గొంతు వింటే నీకు ఏడుపు, నీ ఏడుపు వింటే నాకు ఏడుపు. ఇక మాట ఎక్కడిది? అందుకని కాగితం. ఈ పార్సెళ్ల వ్యాను మన మోల్డోవాకీ ఇక్కడికీ వారం వారం తిరుగుతూనే ఉంటుంది కదా, డ్రైవరు చేతికిస్తే నీకు చేరుతుంది. నేను చదివింది ఎనిమిదో క్లాసే. తప్పులుంటే టీచరమ్మలాగా ఎర్ర గీతలు పెట్టకు.

మీ అన్నయ్య సంవత్సరీకం బాగా జరిగింది, ఆ ఒక్క తృప్తి మిగిలింది. గ్రీషా పేరు మీద పంచిన మట్టి గిన్నెలూ తువ్వాళ్లూ రొట్టెలూ అందుకుని ఊళ్లో ముసలివాళ్లందరూ దీవించారు. అదంతా వాడికి చేరిందనే అనుకుంటున్నాను. చేరకపోతే మాత్రం నేనేం చెయ్యగలను, ఇంకోసారి పంచుతాను.

ఇక్కడ నేను చూసుకునే పెద్దావిడ ఇనేస్ గారు బాగానే ఉంది. నేను లేనప్పుడు ఆవిడ కొడుకు వచ్చి చూసుకున్నాడు. ఆవిడ పళ్ల సెట్టు తీసి కాగితం రుమాల్లో చుట్టి బల్ల మీద పెడితే, చెత్త అనుకుని పారేశాడట. తర్వాత చెత్తబుట్ట బోర్లించి వెతుక్కున్నారు. "మీ అబ్బాయికి కళ్లు లేవా అమ్మా?" అన్నాను. "కళ్లకేం, ఉన్నాయి. పెళ్లాం కూడా ఉంది. రెండూ ఉంటే ఒకటే పనిచేస్తుంది" అంది. ఎవరూ రాని రోజున కూడా పళ్లు పెట్టుకుంటే గానీ గది దాటి రాదు ఈవిడ.

అందుకే చెప్తున్నాను. పొద్దున్న లేచి నీ పళ్ల తొడుగు తీసి రుమాల్లో చుట్టకు. డబ్బాలోనే పెట్టు. పళ్ల క్లిప్పులు తీసేసినప్పుడు డాక్టరమ్మ చెప్పిందన్నావు కదా, రాత్రిళ్లు తొడుగు లేకపోతే పళ్లు మళ్లీ పాత చోటికే పోతాయని. నువ్వు బడిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేదానివి, గుర్తుందా? ఆ చెయ్యి దించుదామనే నేను ఈ దేశం వచ్చాను. నేను పంపడం, మీ అన్నయ్య నెల నెలా నిన్ను బల్త్సీ పట్నానికి డాక్టరమ్మ దగ్గరికి కార్లో తిప్పడం, అలా ఇద్దరం కలిసి దించాం. వచ్చే ముందు నీ తొడుగుని బాగా శుభ్రం చేసి డబ్బాలో పెట్టాను, చూసుకున్నావా?

పెద్దమ్మ మాట విను. పార్సెల్లో చీజు ఆవిడకి, స్వెటరు నీకు.

ఆకలిగా లేకపోయినా తినే పిల్ల కావాలి నాకు,
అమ్మ


కొర్నెని గ్రామం, మోల్డోవా
అక్టోబరు 27

అమ్మా,

పార్సెల్ అందింది. స్వెటరు చేతులు కొంచెం పొడుగు, బాగానే ఉంది. పెద్దమ్మ చీజు చూసి "ఇది తినేదా, ఒళ్లు రుద్దుకునేదా?" అంటూనే సగం ఖాళీ చేసింది.

చదువు పరవాలేదు. లెక్కల టీచరు మారింది.

పళ్ల తొడుగు గురించి అడిగావు. నువ్వు వెళ్లాక పెట్టుకుంటే సరిగా పట్టలేదు. తీసి డబ్బాలో పెట్టేశాను. డబ్బా అన్నయ్య ఫోటో పక్కన ఉంది. దాని గురించి బెంగ పెట్టుకోకు. నాకు పెద్దగా అవసరం కూడా లేదు.

చలి మొదలైంది. పొయ్యి రాజేస్తున్నాం.

డోయినా


పాడువా దగ్గర
నవంబరు 9

డోయినా,

ఫోటో పక్కన పెట్టావా? అవసరం లేదా?

మీ నాయనమ్మ, మీ తాత పోయాక పంచదార మానేసింది. ఆయన ఆత్మకి తీపి చేరాలని తను చావు దాకా చేదు టీ తాగింది. పోయినవాళ్ల పేరు మీద ఇష్టమైనది వదిలేసుకునే వాళ్లు మన ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నారు, నేనేం కొత్తగా చూడటం లేదు. కానీ పంచదార వేరు, పళ్లు వేరు. నువ్వు నీ నవ్వు తీసి మీ అన్న ముందు పెడితే వాడేం చేసుకుంటాడే? వాడు అడిగాడా?

కోపంగా రాస్తున్నాను, తెలుసు. ఎదురుగా ఉంటే ఒకటి వేసి తర్వాత ఒళ్లో పడుకోబెట్టుకునేదాన్ని. కాగితం మీద మొదటిది ఒక్కటే కుదురుతోంది.

ఈ పార్సెల్లో గుండ్రటి బిళ్లలు పంపుతున్నాను. తింటావేమో, తినేవి కావు! ఇనేస్ గారి పళ్ల సెట్టు రోజూ సాయంత్రం వీటితోనే కడుగుతాను. గ్లాసు నీళ్లలో వేస్తే బుసబుస పొంగుతుంది, సెట్టు తళతళలాడుతుంది. నీ తొడుగుకి ఏదో పట్టేసి ఉంటుంది, అందుకే కూర్చోవడం లేదు. ఇందులో నానబెట్టు. అప్పటికీ పట్టకపోతే బల్త్సీ వెళ్లి డాక్టరమ్మకి చూపించు. అంతే గానీ మొక్కులూ గిక్కులూ నాకు చెప్పకు.

నిన్న ఇనేస్ గారితో చెప్పాను, మా అమ్మాయి ఇలా చేస్తోందని. "దానికెన్నేళ్లు?" అంది. పదహారన్నాను. "నా పళ్లు పోయాక గానీ వాటి మీద నాకు ప్రేమ పుట్టలేదు, ఆ పిల్లకి చెప్పు" అంది. చెప్పాను.

కోపం తగ్గని, తగ్గాలని ఉన్న,
అమ్మ


కొర్నెని
నవంబరు 24

అమ్మా,

నేను ఏ మొక్కూ మొక్కలేదు. పట్టలేదు కాబట్టి పట్టలేదని రాశాను. డబ్బా ఎక్కడో ఒక చోట పెట్టాలి కదా, ఆ అల్మారా మీద ఫోటో ఉంది, అంతే. నువ్వు నాయనమ్మ దాకా వెళ్లిపోయావు.

నీ బిళ్లలు వేశాను. బుసబుసలాడింది. పెద్దమ్మ వచ్చి "సోడానా? నాకో గ్లాసు" అంది. నానబెట్టినా అంతే, పట్టలేదు. ఒకవైపు ఎక్కితే రెండోవైపు లేచిపోతోంది. చేత్తో గట్టిగా నొక్కితే చిగురు తెగింది. కంగారు పడకు, మానిపోయింది.

తప్పు నాదే. సంవత్సరీకం రోజుల్లో ఇంటి నిండా చుట్టాలు, వంటింట్లో వరసగా పక్కలు. అప్పుడు కొన్ని రాత్రులు పెట్టుకోలేదు. అందుకే పళ్లు జరిగిపోయాయి. అంతకు ముందు ఏడాదంతా ఒక్క రాత్రి కూడా మానలేదు, అన్నయ్య పోయిన రాత్రి కూడా. ఆ నాలుగు రోజులకే ఇలా అయితే నేనేం చెయ్యను.

బల్త్సీకి ఎప్పుడు వెళ్తావని అడక్కు. బస్సు సరిగా లేదు. పెద్దమ్మకి దగ్గు. చలికాలం పోయాక చూద్దాం.

డోయినా


పాడువా దగ్గర
డిసెంబరు 8

నా తల్లీ,

పెద్దమ్మ ఫోన్ చేసింది. దగ్గు ఎలా ఉందక్కా అంటే, "నాకు దగ్గేమిటే?" అంది. తర్వాత, "అక్సీనియా, నీ కూతురు మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది" అంది. నా చేతిలో సూపు గిన్నె జారి పడింది. ఇనేస్ గారు కూర్చున్న చోటు నుంచే, "పగలగొట్టు, ఇంకా ఉన్నాయి" అని అరిచింది.

బల్త్సీకి బస్సు లేదా? ఎవరికి చెప్తున్నావు? నేను ఆ బస్సులో కోళ్లతో పాటు నిలబడి పెరిగినదాన్ని.

మీ అన్న పోయిన ఆ వంతెన వల్లనా, చెప్పు. ఆ లారీ, ఆ బీట్‌రూట్ బస్తాలు, రోడ్డు మీద ఆ మరకలు... బస్సు ఆ వంతెన మీద నుంచే పోతుందని వెళ్లడం లేదా? అదే అయితే నేను నిన్ను ఇంకేం అడగను. నేనే వచ్చేస్తాను. ఈవిడకి ఇంకో మనిషిని చూసుకోమని ఆవిడ కొడుక్కి పండగ ముందు చెప్పేస్తాను. వచ్చి, నీ చెయ్యి పట్టుకుని వంతెన నేనే దాటిస్తాను. ఒక బిడ్డని పోగొట్టుకుని, రెండో బిడ్డ నోరు మూసుకుని బతుకుతుంటే, ఇక్కడ కూర్చుని వేరేవాళ్ల పళ్లు తోముతూ ఉండనా?

నాకు అర్థం కానిది ఒక్కటే. నేను వచ్చే ముందు దాన్ని ఎంత బాగా శుభ్రం చేశాను! పెరట్లో పచ్చడి సీసాలకి బాన పెట్టాం కదా, వంకాయలూ ఎర్ర మిరపకాయలూ కాల్చిన రోజు. సీసాల మూతలు ఆ నీళ్లలో మరుగుతుంటే నీ తొడుగు కూడా వాటితో పాటు వేసి బాగా ఉడకబెట్టాను. నీ పాలపీకలన్నీ అలాగే మరిగించేదాన్ని, మీ అన్నవి కూడా. ఒక్క క్రిమి మిగలదు. అంత చేసినా అది మొరాయిస్తోందంటే ఏం చెప్పను. బాగా లేని వస్తువు అంటగట్టి ఉంటారు.

ఇంటికి రావాలా? ఒక్క మాట రాయి.

అమ్మ


కొర్నెని
డిసెంబరు 22

అమ్మా అమ్మా అమ్మా,

ఉడకబెట్టావా!

ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. ఆ ముక్క దగ్గరికి రాగానే నాకేమయిందో తెలీదు, నవ్వు. కింద కూర్చుండిపోయాను. పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి "ఏమైందే, ఎవరు పోయారు?" అంది. చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "అదీ సంగతి. ఈ ఏడు పచ్చడి ఎందుకిలా కరుస్తోందా అనుకున్నాను" అంది. మళ్లీ ఇద్దరం పడీపడీ నవ్వాం. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైందని, పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి వెళ్లింది.

అది ప్లాస్టిక్ అమ్మా. మరిగే నీళ్లలో వేస్తే వంకర పోతుంది. చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతకు మించి ఏమీ వద్దు. ఎండలో కూడా పెట్టకూడదు. డాక్టరమ్మ ఇదంతా నాకూ అన్నయ్యకీ చెప్పింది. నువ్వు అక్కడ లేవు, నీకెలా తెలుస్తుంది. నా పళ్లు జరగలేదు, తొడుగే వంగింది! నేను ఇన్నాళ్లూ నన్నే తిట్టుకున్నాను.

నువ్వు రావద్దు. అంటే, రా. కానీ నా పళ్ల వల్ల పని మానుకుని రావద్దు.

వంతెన వల్ల కాదు. వంతెన రోజూ దాటుతాను, బడికి అదే దారి. దాటేటప్పుడు అన్నయ్యకి ఏదో ఒకటి చెప్తాను, లెక్కల్లో మార్కులో ఏదో.

అసలు సంగతి రాస్తాను, నవ్వకు. అన్నయ్య పోయాక నేను ఒక్కసారి కూడా బల్త్సీలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. చూపించుకోవాల్సిన తారీఖులు వచ్చాయి, పోయాయి. అక్కడ ఎవరికీ తెలియదమ్మా. కౌంటర్ దగ్గర రాయా అక్క ఉంటుంది, మేం వెళ్లగానే "డ్రైవరు గారొచ్చారా, ఇక మా ప్రాణాలు తోడేస్తారు" అనేది. చివరిసారి అన్నయ్య ఆవిడకి పుచ్చకాయ తెస్తానని మాటిచ్చి వచ్చాడు. వాళ్ల లెక్కలో అన్నయ్య ఇంకా ఆ పుచ్చకాయ తేవాలి. ఊరి లెక్కలో పోయాడు, చర్చి లెక్కలో పోయాడు, బడి లెక్కలో పోయాడు, మన లెక్కలో పోయాడు. ఆ ఒక్క గదిలో మాత్రం పోలేదు. నేను తలుపు తోసుకుని వెళ్తే "మీ అన్నయ్య ఏడీ?" అంటుంది. నేను చెప్పాలి. చెప్పగానే అక్కడ కూడా పోతాడు.

అందుకే వెళ్లలేదు. ఇక తిట్టు.

డోయినా


పాడువా దగ్గర
జనవరి 12

నా బంగారు డోయినా,

తిట్టను.

నేను ఉడకబెట్టాను కదూ! సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. పాలపీకా, పళ్ల తొడుగూ నాకు ఒకటే అయిపోయాయి. కానీ నువ్వు కింద పడి నవ్వానని రాశావు చూడు, ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో. అలా నవ్వుతానంటే ఇంకో పది తొడుగులు ఉడకబెడతాను, ఉప్పు వేసి మరీ.

నీ సంగతి చదివి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఇప్పుడు నా సంగతి విను. ఇనేస్ గారికి మతిమరుపు, నీకు తెలుసు. రోజూ పొద్దున్న కాఫీ దగ్గర "మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?" అంటుంది. మొదట్లో చెప్పాను. ఏడ్చింది పాపం. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను, మళ్లీ కొత్తగా ఏడ్చింది. ఇక నా వల్ల కాలేదు. "బాగున్నాడమ్మా, పొడుగయ్యాడు" అంటున్నాను. ఒకరోజు ఉద్యోగం మారాడన్నాను, ఒకరోజు జలుబు చేసిందన్నాను. ఈ వంటింట్లో మీ అన్న ఎదుగుతున్నాడు డోయినా. కాబట్టి నిన్ను అనే నోరు నాకు లేదు.

అయినా అమ్మని కదా, చెప్పకుండా ఉండలేను. నేను ఇక్కడ వాణ్ని కూర్చోబెట్టుకుంటే ఎవరికీ నొప్పి లేదు. నువ్వు అక్కడ వాణ్ని కూర్చోబెట్టుకోవడానికి నీ పళ్లు ఇస్తున్నావు. వాడు వింటే ఊరుకుంటాడా? "ఒసే పిచ్చిమొద్దూ, వానలో బురదలో బండి తోసుకుంటూ నిన్ను తిప్పింది దీనికా?" అని జడ పట్టుకు లాగడూ?

పెద్దమ్మని వెంట తీసుకెళ్లు. ఆవిడకి లేని దగ్గు తెప్పించావు కదా, దానికి మందు కొనిపించే వంక చెప్పు. లోపలికి వెళ్లాక చెప్పాల్సింది చెప్పు. మాట రాకపోతే ఏడువు, ఏడ్చినా వాళ్లకి అర్థమవుతుంది. తర్వాత కుర్చీలో కూర్చుని నోరు తెరువు.

నేను పని మానడం లేదు. ఈస్టరుకి సెలవు అడుగుతాను.

ఇక్కడ ఉన్నా నీ పక్కనే కూర్చున్న,
అమ్మ


కొర్నెని
ఫిబ్రవరి 17

అమ్మా,

వెళ్లాం. బస్సులో పెద్దమ్మ దారి పొడుగునా గుమ్మడి గింజలు ఒలిచి నా చేతిలో పెడుతూనే ఉంది. తిననంటే "పట్టుకో, చేతికి పని ఉంటుంది" అంది.

తలుపు తియ్యగానే రాయా అక్క తలెత్తింది. "ఓహో! ఇన్నాళ్లకి దర్శనం! మా డ్రైవరు గారేడీ? నా పుచ్చకాయేదీ?"

"లేడు" అన్నాను.

"బండి పెడుతున్నాడా?"

అప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది. చెప్పాను అమ్మా, నేనే చెప్పాను. పెద్దమ్మ చెప్పబోతే ఆపేశాను. రాయా అక్క కౌంటర్ చుట్టూ తిరిగి రావడం మర్చిపోయి, బల్ల మీద నుంచే వంగి నన్ను పట్టుకుంది. పెన్నులన్నీ కింద పడ్డాయి. ఆ చప్పుడుకి డాక్టరమ్మ చేతి గ్లౌజులతోనే బయటికొచ్చింది.

తర్వాత డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. ఇది మనకి తెలియదు అమ్మా. ఒకసారి నేను ఎక్స్‌రే గదిలో ఉన్నప్పుడు అన్నయ్య, తన ముందు పళ్ల మధ్య సందు మూయడానికి వీలవుతుందా అని అడిగాడట. "ఎందుకు కాదు, కూర్చో" అని ఆవిడ అద్దం చేతికిచ్చిందట. అన్నయ్య చాలాసేపు అద్దంలో చూసుకుని వెనక్కిచ్చేశాడట. "వద్దులెండి డాక్టరుగారూ. మా అమ్మ ఎప్పుడో ఒకసారి వస్తుంది. వ్యాను దిగి జనంలో నా కోసం వెతుక్కుంటుంది. నేను నవ్వుతాను, ఈ సందు చూసి గుర్తుపడుతుంది. ఇది మూసేసుకుంటే ఇంకెవరి మెడ పట్టుకుని ఏడుస్తుందో" అన్నాడట.

ఆవిడ చెప్తుంటే అన్నయ్య గొంతే వినిపించింది. అక్కడ పోతాడనుకున్నాను కదా. పోలేదు అమ్మా. ఇంకొంచెం దొరికాడు.

నా పళ్లు కొంచెం జరిగాయి, కింద ఒకటి. ఇన్ని నెలలు ఏమీ పెట్టుకోలేదు కదా. "ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే మళ్లీ క్లిప్పులే" అంది డాక్టరమ్మ. గులాబీ రంగు ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీసుకుంది. కొత్త తొడుగు మొన్న వచ్చింది. ప్రస్తుతానికి రాత్రీ పగలూ పెట్టుకోవాలి, తినేటప్పుడే తియ్యాలి. బిగుతుగా ఉంది, నొప్పి కూడా. బడిలో "స" పలికితే ఈల వస్తోంది. పరవాలేదు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఉడకబెట్టిన సంగతి డాక్టరమ్మకి చెప్పాను. "మీ అమ్మకి నా నమస్కారం చెప్పి, ఇది బంగాళాదుంప కాదని కూడా చెప్పు" అంది.

నీ డోయినా


పాడువా దగ్గర
మార్చి 10

డోయినా, నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏ పనీ చెయ్యలేదు. చెయ్యబోయినవన్నీ తప్పులే. ఇనేస్ గారి సూపులో పంచదార వేశాను. ఆవిడ తాగి, "ఈ రోజు నీకు మంచి రోజా, చెడ్డ రోజా?" అంది. నాకే తెలియదన్నాను.

మర్నాడు కాఫీ దగ్గర మామూలుగా "మీ అబ్బాయి ఎలా ఉన్నాడు?" అంది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పోయాడని చెప్పాను, సందు ఎందుకు మూసుకోలేదో కూడా చెప్పాను. ఈసారి ఏడవలేదు. "ఎంత సందు?" అంది. వేళ్లతో చూపించాను. "అంత ఉంటే ఈల బాగా వేసి ఉంటాడు" అంది. వేసేవాడు కదే! ఎంత బాగా వేసేవాడు. మర్చేపోయాను నేను. రేపు మళ్లీ అడుగుతుంది, మళ్లీ చెప్తాను. ఇప్పుడు చెప్పగలను.

ఇన్నేళ్లూ నేను వ్యాను దిగుతూ వాడి కోసం నిజంగా అలాగే వెతికేదాన్ని. ముందు నవ్వే చూసేదాన్ని, మొహం తర్వాత. వాడికి ఆ సంగతి తెలుసని నాకు తెలియదు.

కొత్త తొడుగు జాగ్రత్త. పక్కింటి కుక్క దగ్గర ఉంచకు, కుక్కలకి ఆ ప్లాస్టిక్ అంటే ప్రాణమట, ఇక్కడ మందుల షాపతను చెప్పాడు. నేను వచ్చినా దాని మీద చెయ్యి వెయ్యను, ఒట్టు.

సెలవు ఇచ్చారు. ఈస్టరు ముందు శుక్రవారం వ్యాను మన చౌరస్తాలో ఆగుతుంది. ఒక్కటి అడుగుతాను. నీ క్లిప్పులు తీసేసినప్పుడు నేను అక్కడ లేను. తర్వాత వచ్చింది వాణ్ని సాగనంపడానికి, ఆ తర్వాత సంవత్సరీకానికి. రెండుసార్లూ నువ్వు నోరు మెదపలేదు. అంటే ఆ పళ్లతో నువ్వు నవ్వగా నేను ఇంతవరకు చూడనేలేదు.

అందుకని వ్యాను ఆగగానే నువ్వు నవ్వు. చెయ్యి కిందికి దించి నవ్వు. ఆ నవ్వు నాకు కొత్త కదా, ఒక్క క్షణం పట్టొచ్చు, నువ్వు కంగారుపడి ముందుకి రాకు. అక్కడే నిలబడు. నేను గుర్తుపడతాను.

అమ్మ